వీపుకు బెండ్లు కట్టి

భయాన్ని మెదడులోంచి శాశ్వతంగా తుడిచేస్తామనే ప్రకటన ఈ వారం మళ్లీ కంటబడి మనసు చివుక్కుమంది. భయానికి సాధనే మందు అన్న నా పాత పాట ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. అసలు తుడిచేయడమే జరగదు. ప్రయోగశాలలో ఎలుకకు ఒక శబ్దం వినిపించి వెంటనే కాళ్లకు చిన్న షాక్ ఇస్తే, ఆ తర్వాత శబ్దం వినగానే అది బిగుసుకుపోతుంది. షాక్ లేకుండా అదే శబ్దం పదే పదే వినిపిస్తే మామూలుగా తిరగడం మొదలుపెడుతుంది. భయం పోయిందనుకుని దాన్ని వేరే బోనులో పెట్టి శబ్దం వినిపిస్తే మళ్లీ బిగుసుకుంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ బౌటన్ పరిశోధనలు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలా అనే భాగంలో పడిన ముద్ర చాలావరకు అలాగే ఉంటుంది. దాన్ని అదుపు చేసే కొత్త పాఠాన్ని మెదడు ముందు భాగం నేర్చుకుంటుంది. వస్తుందనుకున్న కీడు రానప్పుడు కొన్ని డోపమిన్ కణాలు స్పందిస్తాయి. ఆ పాఠానికి ఊతం అక్కడే దొరుకుతుంది.

మరి మందులు దండగేనా అంటే, అలా కొట్టిపారేయలేం. ఎత్తులంటే భయపడే 28 మందిపై జరిగి, 2004లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, వారిని వర్చువల్ రియాలిటీలో గాజు లిఫ్ట్ ఎక్కించారు. కొందరికి ముందుగా డి-సైక్లోసెరిన్ ఇచ్చారు. అది క్షయకు వాడే పాత మందు. రెండే విడతలు జరిగినా, మూడు నెలల తర్వాత కూడా మందు వాడినవారికే మేలు ఎక్కువగా కనిపించింది. ఆ మందు భయాన్ని అణచదు, నేర్చుకునే ప్రక్రియకు తోడ్పడుతుంది. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు అంత ఘనంగా రాలేదు. పైగా భయం తగ్గకుండానే విడత ముగిసినవారిలో ఈ మందు మేలు చేయకపోగా కీడు చేసిన సందర్భాలున్నాయి. ఆ పూట మెదడుకు ఏ పాఠం అందితే దాన్నే గట్టిపరిచిందన్నమాట.

అందుకే నా పాత పాటకు ఒక షరతు చేర్చక తప్పదు. బావిలోకి తోసేస్తే ఈత అదే వస్తుందనేవారు ఇప్పటికీ ఉన్నారు. నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరైన పిల్లవాడికి తన భయం నిజమేనని రుజువవుతుంది. అదీ సాధనే, కానీ భయానికే సాధన. వీపుకు బెండ్లు కట్టి, రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కటే తీసేసే పద్ధతిలో మునిగిపోతాననుకున్న ప్రతిసారీ పిల్లవాడు తేలతాడు. బావిలో ఈదినవాడు కాలువ ఒడ్డున వెనకాడితే పిరికివాడని గేలి చేయకుండా, అక్కడా మళ్లీ బెండ్లు కట్టాలి.