పదం, పదవి, ప్రాతినిధ్యం: దక్షిణ ఇండియా సంఘ పాలనా పదజాలం – ఒక పరిశీలన

కీలకపదాలు: దక్షిణ ఇండియా సంఘం, పాలనా పదజాలం, అధ్యక్షుడు, బిషప్, సినాడ్, ప్రాతినిధ్యం.

1. ప్రవేశిక:
ఒక మతసంస్థలో అధికారం ఎవరి చేతిలో ఉందో దాని నియమావళి చెబుతుంది. ఆ అధికారం సామాన్య సభ్యునికి ఎంత దూరంలో ఉందో అక్కడ వాడుకలో ఉన్న పదాలు చెబుతాయి. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) పాలనా పదజాలాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఫలించింది. ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో పాటు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలు 1908లో కలిసి ఏర్పడిన దక్షిణ భారత ఐక్య సంఘం కూడా ఇందులో చేరింది. ఈ శాఖల పాలనా సంప్రదాయాలు వేరు. ఆంగ్లికన్లకు బిషప్, ప్రెస్బిటేరియన్లకు పెద్దల సభ, కాంగ్రిగేషనల్ వారికి స్థానిక సంఘం ప్రధానం. తెలుగు నేలపైనే ఈ వైవిధ్యం కనిపిస్తుంది. డోర్నకల్‌ది ఆంగ్లికన్ నేపథ్యం, మెదక్‌ది వెస్లియన్ మెథడిస్టు నేపథ్యం, రాయలసీమది లండన్ మిషన్ నేపథ్యం. కలయికలో చేరని నంద్యాల ఆంగ్లికన్ సంఘాలు 1970ల దశకంలో వచ్చి కలిశాయి.

2. పాలనా నిర్మాణం:
ఈ సంప్రదాయాల రాజీయే సంఘ రాజ్యాంగం. అది చారిత్రక బిషప్ పదవిని అంగీకరించింది, అయితే రాజ్యాంగబద్ధమైన రూపంలోనే అంగీకరించింది. స్థానిక స్థాయిలో పాస్టరేట్ కమిటీ, దానిపై డయోసిస్ కౌన్సిల్, అన్నిటికీ పైన సినాడ్ ఉంటాయి. సినాడ్‌లో బిషప్పులతో పాటు డయోసిస్‌ల నుంచి ఎన్నికైన గురువులు, గృహస్థ ప్రతినిధులు కూర్చుంటారు. బిషప్ ఎంపికలోనూ ఇదే సమతూకం కనిపిస్తుంది. డయోసిస్ కౌన్సిల్ కొన్ని పేర్ల జాబితాను ఎన్నుకుంటే, అందులో నుంచి ఒకరిని సినాడ్ పక్షాన ఎంపిక మండలి నిర్ణయిస్తుంది. సంఘానికి నాయకత్వం వహించే మోడరేటర్‌ను బిషప్పులలో నుంచి సినాడ్ నిర్ణీత కాలానికి ఎన్నుకుంటుంది. కాబట్టి సిద్ధాంతరీత్యా ఈ వ్యవస్థకు మూలం పాస్టరేట్‌లోని సభ్యుని ఓటు. అయితే ఆ ఓటు ప్రతి మెట్టు వద్దా మరొక ప్రతినిధి చేతిలోకి మారి, మోడరేటర్ ఎన్నికకు చేరేసరికి పరోక్షమవుతుంది.

3. మెట్టు మారితే మారే భాష:
ఈ మెట్ల వెంట పదజాలాన్ని గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. స్థానిక స్థాయిలో సంఘం, పెద్దలు, అయ్యగారు, కానుక అన్నీ తెలుగువారి నోట నలిగిన మాటలే. పాస్టరేట్ దగ్గర భాష మారడం మొదలవుతుంది. డయోసిస్, బిషప్, సినాడ్, మోడరేటర్ వద్దకు వచ్చేసరికి మాటలన్నీ ఎరువు తెచ్చుకున్నవే. రాజ్యాంగ మూలపాఠం కూడా ఇంగ్లీషులోనే ఉంది.

తెలుగులో మాటలు లేక ఇలా జరిగిందనడం సరికాదు. తెలుగు బైబిలు ఈ పదవులకు అధ్యక్షుడు, పెద్ద, పరిచారకుడు అనే పదాలను ఏనాడో ఇచ్చింది. వీటిలో ‘అధ్యక్షుడు’ విశేషమైన ఎంపిక. గ్రీకు మూలమైన ‘ఎపిస్కొపోస్’కు పైనుండి చూసుకొనేవాడని అర్థం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణం పేరు అధ్యక్షప్రచారం. అక్కడ అధ్యక్షుడు సర్వాధికారి కాడు, ఒక శాఖను కనిపెట్టుకొని దాని లెక్క చెప్పవలసినవాడు. సంఘ రాజ్యాంగం బిషప్ నుంచి ఆశించే బాధ్యతకు ఈ అర్థం చాలా దగ్గర. ‘బిషప్’ అనే ఎరువుమాటలో తెలుగు పాఠకునికి ఈ జవాబుదారీతనం వినిపించదు. దానికి ‘అయ్యగారు’ అనే గౌరవవాచకం తోడైనప్పుడు పదవికున్న పరిమితి మరుగై, పెద్దరికమే మిగులుతుంది.

4. పూర్వపక్షం:
ఎరువుమాటలను సమర్థించే వాదనకు బలం లేకపోలేదు. నేటి తెలుగులో ‘అధ్యక్షుడు’ సభాధ్యక్షుని నుంచి దేశాధ్యక్షుని వరకు అందరికీ వర్తిస్తున్నందున, ‘బిషప్’ అన్నప్పుడే స్పష్టత ఉంటుంది. పైగా ఆ మాటకు లింగభేదం లేదు. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత ఈ సంఘంలో తొలి మహిళా బిషప్ అయినప్పుడు పదవి పేరు మార్చవలసిన అవసరం కలగలేదు.

తెలుగు పదమున్నంత మాత్రాన సభ్యునికి అధికారం దక్కదన్నదీ నిజమే. తెలుగు కథోలికులకు మేత్రాసనం, మేత్రాణులు, విచారణ గురువులు వంటి సొంత పదజాలం ఉంది. అయినా అక్కడ మేత్రాణుల నియామకం పోపు నిర్ణయం. దక్షిణ ఇండియా సంఘంలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. ఇక్కడి సభ్యునికి ఓటు ఉంది కాని, ఆ ఓటు నడిచే దారిని వివరించే మాటలు అతని భాషలో లేవు. అసలు సమస్య ఇదే.

5. ముగింపు:
ఇది పదాల ముచ్చట మాత్రమే కాదు. సంఘానికి బడులు, ఆసుపత్రులు, భూములు ఉన్నాయి. ఆస్తుల నిర్వహణకు ప్రత్యేక ట్రస్టు అసోసియేషన్ ఉంది. వీటిపై నిర్ణయాలు జరిగే సభలకు ప్రతినిధులను పంపేది పాస్టరేటే. తాను పంపిన ప్రతినిధికి ఏ అధికారం ఉందో, బిషప్ అధికారం ఎక్కడ ఆగుతుందో తెలియని సభ్యుడు ఎన్నికను వ్యక్తుల పోటీగా మాత్రమే చూస్తాడు. వివాదం వచ్చినప్పుడు దాన్ని సంఘంలోనే విచారించే భాష లేక న్యాయస్థానం వైపు చూస్తాడు.

వాడుకలో స్థిరపడిన ‘బిషప్’ను తొలగించి ‘అధ్యక్షుడు’ను నిలపడం ఇందుకు పరిష్కారం కాదు. ప్రతి పదవికీ ఉన్న అధికారాన్ని, దాని హద్దును తెలుగులో నిర్వచించే రాజ్యాంగ పాఠం పాస్టరేట్ సభలో చదివి చర్చించదగిన రూపంలో ఉండాలి. బైబిలును తెలుగు చేసినవారు ఒక్కో పదవికి తగిన పదం వెదకడంలో చూపిన శ్రద్ధ, సంఘ రాజ్యాంగాన్ని తెలుగు చేయడంలోనూ అవసరం.