రిఫ్రెషర్ కోర్సులో రాని ప్రశ్న

గూడూరు నుంచి రిఫ్రెషర్ కోర్సుకి వెళ్ళొచ్చిన లెక్చరర్లని కదిపితే నాకు వినిపించేవి సర్టిఫికెట్, ప్రమోషన్. పాఠం దాకా మాట రాదు. 1986 విద్యా విధానం తర్వాత యూజీసీ పెట్టిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలకి 2015లో ఒక పేరు, 2023లో ఇంకో పేరు వచ్చాయి. పేర్లు మారినంత తేలిగ్గా క్లాసురూము మారదు.

1974లో వచ్చిన 'కృష్ణమూర్తి ఆన్ ఎడ్యుకేషన్' అందుకే చదవాలి. అందులో ఒక భాగం రిషివ్యాలీ, రాజ్‌ఘాట్ స్కూళ్ళ టీచర్లతో చర్చలే: భయం, పోటీ, నేర్పడం, నేర్చుకోవడం. లోపమూ ఉంది. టీచర్ల కంటే కృష్ణమూర్తే ఎక్కువ మాట్లాడతారు. పైగా రెసిడెన్షియల్ స్కూలుకున్న తీరిక మన డిగ్రీ కాలేజీకి ఎక్కడిది? అయినా ఒకటి తీసుకోవచ్చు: తోటివాళ్ళ ముందు తనకి తెలియనిది అడగడం. దానికి స్టాఫ్‌రూములో నెలకో గంట చాలు, పిల్లలు ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారో చెప్పుకోవడానికి.