సానుభూతి సరే, నిర్ణయమెవరిది?

1964లో మిసిసిపీ నల్లజాతి ప్రజలు సొంతంగా ఫ్రీడం డెమోక్రటిక్ పార్టీ పెట్టుకుని, అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ మహాసభలో తమ రాష్ట్ర ప్రతినిధులుగా స్థానం అడిగారు. పార్టీ పెద్దలు రెండు సీట్లిస్తామన్నారు. వాటిలో ఎవరు కూర్చోవాలో కూడా వాళ్లే తేల్చారు. ఉదారవాద మిత్రులు సర్దుకొమ్మన్నారు. ఫానీ లూ హేమర్ వాళ్లు కుదరదన్నారు. అది మొండితనం కాదు, ఆత్మగౌరవమని మేం అంటాం. 1966లో స్టోక్లీ కార్మైకేల్ తెల్ల మిత్రుల్ని తెల్లవాళ్లలోకే వెళ్లి పనిచెయ్యమన్నాడు. జాత్యహంకారం పుట్టేదక్కడే గదా! వెంట నడిచేవాడు సానుభూతిపరుడు. నిర్ణయాధికారం వదులుకుని సొంతవాళ్లతో తగాదా పడేవాడే భాగస్వామి. అప్పుడే గాయం మానేది. 1985లో కారంచేడు తర్వాత మా వాడలకొచ్చిన అగ్రవర్ణ మిత్రుల్నీ మేం అడిగేదిదే: మీ ఊళ్లో ఎప్పుడు మాట్లాడతారు?