కూపర్ 'గూఢచారి': దేశం యెవరికి దక్కింది?

అమెరికన్ రచయిత జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1821లో 'గూఢచారి' నవల వెలువరించాడు. స్వాతంత్ర్యం ప్రకటించి అప్పటికి 45 యేళ్లు. ఆ యేడే న్యూయార్కు రాజ్యాంగ సభ తెల్లవాడి వోటుకు ఆస్తి అర్హతను దాదాపు తొలగించి, నల్లవాడికి మాత్రం 250 డాలర్ల ఆస్తి వుండాలని నిర్ణయించింది. కొత్త దేశం యెవరిదన్న ప్రశ్న నవలలోనూ వున్నది.

కథాకాలం 1780. వెస్ట్‌చెస్టర్ ప్రాంతం రెండు సేనల మధ్య యెవరి అదుపులోనూ లేని నేల. అక్కడి సంపన్నుడు వార్టన్, యే పక్షం గెలిచినా ఆస్తి నిలవాలని తటస్థత నటిస్తాడు. కొడుకు బ్రిటిషు కాప్టెను. చిన్నకూతురు ప్రేమించింది అమెరికన్ మేజరును. రాజకీయ సంఘర్షణను ఒక యింట్లోకి తెచ్చి పెళ్లితో సర్దిపుచ్చడం స్కాట్ నవలలు చదివినవారికి కొత్త కాదు. దాన్ని అలా వుంచుదాం.

నవలకు ప్రాణం హార్వే బర్చ్. మూట వీపున వేసుకొని యింటింటా తిరిగే చిల్లర వర్తకుడు. బ్రిటిషు గూఢచారి అని అమెరికన్లు అతన్ని వేటాడతారు. నిజానికి అతడు పనిచేసేది వాషింగ్టనుకే. దేశభక్తుల వేషంలో తిరిగే 'స్కిన్నర్లు' అతడు దాచుకొన్న బంగారాన్ని దోస్తారు. చివర వాషింగ్టన్ యిచ్చిన బంగారాన్ని అతడు ముట్టడు. అతనికి దక్కేది ఒక వుత్తరం. అదీ బ్రతికుండగా యెవరికీ చూపరానిది. 1814లో మరో యుద్ధంలో చనిపోయాక, ఒంటిమీద రేకుపెట్టెలో ఆ కాగితం దొరుకుతుంది.

కూపర్ భూస్వామి కొడుకు గనుక యీ త్యాగాన్ని మెచ్చుకోవడం పేదవాణ్ణి మోసగించడమేనని కొందరు మిత్రులు కొట్టివేయవచ్చు. అంత తొందర కూడదు. మేజరుకు భార్యా, బర్చ్‌కు కాగితమూ దక్కాయన్న లెక్కను మన ముందు పెట్టినవాడు కూపరే. తన వర్గం వినగోరని నిజాన్ని కథ అతనిచేత చెప్పించింది. బాల్జాక్ విషయంలో యెంగెల్సు గుర్తించినదీ యిటువంటిదే గదా.

ఆ చూపు ఒకచోట ఆగిపోయింది. ఉరిశిక్ష పడిన యజమాని కొడుకును తప్పించడానికి నల్లజాతి బానిస సీజర్ అతనితో బట్టలు మార్చుకొని చెరలో కూర్చుంటాడు. ప్రాణాలకు తెగించిన పని! కూపర్ దాన్ని హాస్యంగా నడుపుతాడు. సీజర్ మోకాళ్లూ పిక్కలూ చూపి నవ్వించబోతాడు. న్యూయార్కులో బానిసత్వం 1827 దాకా పూర్తిగా రద్దు కాలేదు. బర్చ్‌కు చచ్చిన తర్వాతనైనా చదివే వుత్తరం వున్నది. సీజరుకు అదీ లేదు.