జో బూట్లు, పిన్ని మీసం

లూయిసా మే ఆల్కాట్ ‘లిటిల్ విమెన్’ నవలని చాలా ఏళ్లు క్లాసులో చెప్పాను. 1868లో వచ్చిన పుస్తకం. రెండో అధ్యాయమంతా క్రిస్మస్ రోజే. దాని మీద పరీక్షల్లో మేం అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒక్కటే: మార్చ్ ఇంటి అమ్మాయిలు తమ పొద్దుటి ఫలహారాన్ని హమ్మెల్ అనే పేద కుటుంబానికి ఇచ్చేసిన త్యాగాన్ని వివరించండి. నేనూ అదే అడిగాను. అదే జవాబుకి మార్కులు వేశాను.

రిటైరయ్యాక, మార్కుల బెడద లేకుండా మళ్లీ చదివితే తెలిసింది, ఫలహారం ముచ్చట చప్పున అయిపోతుందని. అధ్యాయంలో పెద్ద భాగం ఆ సాయంత్రం వాళ్లు వేసుకున్న నాటకానిదే. అట్టముక్కలతో గిటార్లు. పాతకాలపు వెన్న గిన్నెలకి వెండి కాగితం అంటించి దీపాలు. పాత నూలు బట్టల మీద తళుకులకి పచ్చళ్ల ఫ్యాక్టరీలో మిగిలిపోయిన రేకుముక్కలు. మగవాళ్లకి ప్రవేశం లేదు కనక మగవేషాలన్నీ జో కడుపునిండా వేసుకుంటుంది. ఆమెకి ప్రాణమైన తోలు బూట్లు ఒక జత ఉన్నాయి. ఎవరో స్నేహితురాలికి తెలిసిన ఒకావిడకి తెలిసిన నటుడి దగ్గర్నుంచి చేతులు మారి వచ్చాయి అవి. సెట్టు కూలుతుంది. చివర్లో ప్రేక్షకులు కూర్చున్న మడతమంచం చటుక్కున మూసుకుపోయి చూసేవాళ్లందరూ అందులో ఇరుక్కుంటారు. ఆల్కాట్ ఇదంతా ఎంత తీరిగ్గా, ఎంత ఇష్టంగా రాసిందో! మేం పిల్లల చేత ఆ పేజీలు గబగబా తిప్పించేశాం.

ఎందుకు తిప్పించేశాం? ఆడవాళ్ల త్యాగం మీద వ్యాసం రాయొచ్చు, చాకిరీ మీద రాయొచ్చు. మన స్త్రీవాద విమర్శ రెండోది బాగా నేర్చుకుంది, అవసరం కూడా. సరదా దగ్గరికి వచ్చేసరికి మన దగ్గర మాటలుండవు. అది చిన్న విషయం అనుకుంటాం.

నాకు ఆ బూట్లు చూడగానే మా పిన్ని మీసం గుర్తొచ్చింది. గుంటూరు జిల్లాలో మాది ఊరికి ఎడంగా ఉన్న పల్లె. డిసెంబరంటే వరికోతలు. పగలంతా పొలంలో వంగిన నడుములు రాత్రికి అరిసెల పిండి దంపాలి, ఇల్లు అలకాలి, గోడలకి సున్నం వెయ్యాలి. ఆ పనుల మధ్యే వెదురుబద్దలతో నక్షత్రం కట్టేవాళ్లం, రంగు కాగితాలు అంటించేవాళ్లం. గుడిలో నాటకం మగపిల్లలది. ఆడపిల్లలకి మరియమ్మ, దేవదూతలు, అంతే. ఒక్క ఏడు మాత్రం ఆడపిల్లలు తమ నాటకం తాము వేసుకున్నారు, ఒకరింటి వాకిట్లో, చూడ్డానికి ఆడవాళ్లూ పిల్లలే. మా పిన్ని హేరోదు రాజు. తలకి తువ్వాలు చుట్టి, మీసం పెట్టుకుని, నోరు పోయేలా అరిచి ఆజ్ఞలిచ్చింది. అప్పటిదాకా ఆమె ఆజ్ఞలు విన్నదే తప్ప ఇచ్చింది లేదు. నాకు ఏడేళ్లు. భయపడి ఏడ్చానట. మరుసటి ఏడు పెద్దలు వద్దన్నారు. ఆ తర్వాత పిన్నికి పెళ్లయింది.

ఆల్కాట్‌తో నాకు తగవు కూడా ఉంది. మొదటి అధ్యాయంలో నలుగురి దగ్గరా తలా ఒక డాలరు ఉంటుంది. ఏమీకి బొమ్మలు గీసే పెన్సిళ్లు కావాలి. అందుకని తల్లికి చిన్న సెంటుసీసా కొని మిగిలింది దాచుకోవాలనుకుంటుంది. తెల్లారేసరికి సిగ్గుపడి, అది మార్చి పెద్ద సీసా తెస్తుంది. డబ్బంతా అయిపోతుంది. కథ ఆమెని మెచ్చుకుంటుంది. నాకు మాత్రం ఆ పెన్సిళ్ల మీదే మనసు. రాత్రి పక్కింటి లారెన్స్‌గారు పంపిన విందు వస్తుంది: గులాబీ, తెలుపు రంగుల్లో రెండు పళ్లేల ఐస్‌క్రీం, కేకు, పళ్లు, పువ్వులు. పొద్దున ఫలహారం వదులుకున్నందుకు బహుమానం అది. అంటే ఐస్‌క్రీం కూడా మంచితనానికి ముట్టిన కూలే. ఆ రోజు మొత్తంలో ఎవరి మెప్పుతోనూ నిమిత్తం లేనిది నాటకం ఒక్కటే.

ఇంకో మనిషి ఉంది. పనిమనిషి హన్నా. హమ్మెల్‌వాళ్ల ఇంటికి కట్టెలు మోసింది, పొయ్యి రాజేసింది, పగిలిన కిటికీ అద్దాలకి పాత టోపీలతో పాటు తన పైవస్త్రం కూడా కుక్కింది. విందు సిద్ధమైందని కబురు చెప్పేదీ ఆవిడే. ఆ రోజు ఆమెకి దక్కిన సరదా ఏమిటో అధ్యాయంలో లేదు. మా పరీక్షల్లోనూ ఆమె త్యాగం గురించి ప్రశ్న రాలేదు.

హన్నా వయసు స్త్రీకి సరదా ఇచ్చిన కథ నాకు ట్రూమన్ కపోటీ దగ్గర దొరికింది. ‘ఎ క్రిస్మస్ మెమరీ’ 1956లో ‘మదమ్వాజెల్’ అనే స్త్రీల పత్రికలో అచ్చయింది. అరవై దాటిన ఒకావిడ, దూరపు చుట్టమైన ఏడేళ్ల పిల్లవాడు కలిసి, ఏడాదంతా పైసా పైసా కూడబెట్టి, విస్కీ పోసి కేకులు చేస్తారు. బంధువులకి కాదు, ఏదో కారణాన మనసుకి నచ్చినవాళ్లకి పంపడానికి. ఒకటి అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కి. సీసా అడుగున మిగిలింది ఇద్దరూ తాగి, వంటింట్లో పాడి గంతులేస్తారు. ఇంట్లోవాళ్లు వచ్చి తిడతారు. ఆ ముసలావిడ తలగడలో మొహం పెట్టి ఏడుస్తుంది. అరవయ్యేళ్లు దాటినా తిట్లు చిన్నపిల్లకి పడ్డట్టే పడ్డాయి. కపోటీ తిట్టినవాళ్ల పక్షం వహించడు, ఆమెని జాలిబొమ్మనీ చెయ్యడు. పండగ రోజు ఆమె చేతికి గాలిపటం ఇస్తాడు.

పోయిన డిసెంబరులో మా ఊరెళ్లాను. పిన్నికి డెబ్బై దాటాయి. అరిసెలు వత్తుతోంది. హేరోదు సంగతి ఎత్తాను. పూర్తిగా మర్చిపోయి ఉంటుందనుకున్నాను. నీ కాటుక మీసం చూసి ఏడ్చానట కదా అన్నాను.

“కాటుక కాదే, పెనం మసి,” అంది. “మీసానికి కాటుకెవరు పాడుచేస్తారు?”