సారా ఉద్యమం గెలిచింది, సభాహక్కు సంగతేంటి?

నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం మీద రాసినవాళ్లు ఎక్కువమంది దాన్ని అక్షరాస్యత కథగానే చెప్పారు. రాత్రిబడికి పోయిన ఆడవాళ్లు పాఠం చదివి దూబగుంటలో సారా అమ్మకం ఆపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ కథలో పోలీసు కనపడడు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్లలో వీధికెక్కిన కూలి ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాల వాళ్లు. వాళ్లు గుమికూడిన హక్కును రాజ్యం ఎట్లా చూసిందనే ప్రశ్న లేకుండా ఆ చరిత్ర పూర్తి కాదు.

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19(1)(బి) ఇచ్చింది. అయితే ఐదుగురు చేరినచోట వాళ్ల ఉద్దేశం నేరమని ఎస్సై రాస్తే అది అక్రమ సమావేశం అయిపోతుంది. సారా పాటదారులు మందీమార్బలంతో వేలానికొస్తే వ్యాపారం. ఆ వేలం ఆపమని ఆడవాళ్లు అడ్డంగా కూర్చుంటే శాంతిభద్రతల సమస్య. రెండూ గుంపులే గదా! ఎవర్ని గుంపు అనాలో తేల్చే కలం దగ్గరే వివక్ష మొదలవుతోంది.

కేసు ఎత్తేసే దగ్గర కూడా ఇదే వరస. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321 కింద, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 360 కింద, ప్రాసిక్యూటరు కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకోవచ్చు. నాయకుల కేసులు ఈ దారిన పోతుంటే, ఎంపీలు, ఎమ్మెల్యేల మీద కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయొద్దని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది. కూలి మనిషి కోసం జీవో ఎవరు తెస్తారు? ఆమె కూలి పోగొట్టుకుని ఆత్మకూరుకో ఉదయగిరికో వాయిదాలకు తిరగాల్సిందే. శిక్ష పడకపోయినా ఆ తిరుగుడే శిక్ష.

2022 డిసెంబర్ 28న, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరులో తెలుగుదేశం సభ తొక్కిసలాటలో ఎనిమిదిమంది చనిపోయారు. ఐదు రోజులకే, 1861 నాటి పోలీసు చట్టాన్ని పట్టుకుని, ప్రభుత్వం రోడ్లమీద సభలకు అనుమతి వద్దని జీవో నంబర్ 1 ఇచ్చింది. ‘అరుదైన సందర్భాల్లో’ అనుమతించొచ్చు అంది. అరుదైనదేదో తేల్చేది మళ్లీ అధికారులే. పార్టీల నాయకులు కోర్టుకెక్కారు. 2023 మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. మంచిదే. కానీ ఒక పల్లెలో దళితవాడ ధర్నాకు అనుమతి నిరాకరిస్తే హైకోర్టు దాకా పోగలిగేదెవరు?

2024 జూలై నుంచి 144 సెక్షన్ 163 అయింది. అంకె మారింది, అధికారం మారలేదు. కాబట్టి కార్యకర్తలు, విద్యార్థులు చేయాల్సిన పని ఒకటుంది. మన మీద పెట్టిన కేసుల లెక్క ఒక్కటే చాలదు. అదే ఊళ్లో, అదే రోడ్డు మీద, అదే నెలలో ఎవరి ఊరేగింపు మీద కేసు పెట్టలేదో కూడా రాసిపెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్.లూ, ఉపసంహరణ జీవోలూ సమాచార హక్కు చట్టంతో అడిగి తెచ్చి పక్కపక్కన పెట్టాలి. పద్నాలుగో అధికరణం కింద సమానత్వం అడగాలంటే ఈ రెండో లెక్కే సాక్ష్యం.