రాగులకు చలికాలపు గౌరవము

శీతకాలమున డార్జిలింగు చూడబోయిన వారిలో పెక్కుమంది తెల్లవారుజామున టైగర్ హిల్ ఎక్కి, కాంచనగంగపై తొలి కిరణము పడుట చూచి, తేయాకు పొట్లములు కొనుక్కొని దిగిపోవుదురు. అందు దోషము లేదు. మబ్బు తొలగిన డిసెంబరు ఆకాశమున 8,586 మీటర్ల ఆ శిఖరమును దర్శించుట భాగ్యమే. అయితే సూర్యోదయము ముగిసిన పిమ్మట అంతటి చలిలో మిగిలిన పగటిని ఎట్లు గడుపవలె నన్న ప్రశ్నకు ఆ కొండవారి యొద్ద తరతరాల సమాధాన మొకటి కలదు. అదియే తోంగ్బా, లింబూ జాతివారు అతిథికి ఆదరపూర్వకముగా అందించు రాగుల బీరు.

1881 నుండి ఆ కొండ లెక్కుచున్న చిన్న రైలుబండిలో ఘూమ్ వరకు పోయి, 2,258 మీటర్ల ఎత్తున నున్న ఆ స్టేషనులో దిగి, చలిగాలికి చెవులు మొద్దుబారగా, చేరువనే ఒక లింబూ కుటుంబము నడుపుకొను పూటకూటింటిలో కూర్చుంటిని. ఇత్తడి పట్టీలు బిగించిన కొయ్యపాత్ర నొకదానిని నా ముందుంచిరి. అందులో ద్రవ మేమియు లేదు; అంచుదాక పులిసిన రాగులు మాత్రమే యున్నవి. యజమానురాలు మరగిన నీటిని నిండుగా పోసి, మూతపెట్టి, మూత రంధ్రములోనుండి సన్నని వెదురుగొట్టము నొకటి దించినది. నేను వెంటనే నోరు పెట్టబోగా ఆమె నవ్వి, "తొందరపడకండి దాజూ, ఇంకను ఊరవలె" నన్నది.

ఆ గొట్టమును తీసి పరిశీలించితిని. అడుగు కొన కణుపువద్ద మూసుకొనియే యున్నది. దానికి కొంచెము పైగా, ప్రక్కలయందు సన్నని గాట్లు మాత్రము పెట్టబడి యున్నవి. రసము ఆ గాట్ల గుండా లోనికి వచ్చును, గింజ వెలుపలనే నిలిచిపోవును. ఐదు నిమిషములైన తరువాత పీల్చగా, గోరువెచ్చగా, పుల్లగా, చివర రవంత తీపితో, తెల్లని రసము నోటికి వచ్చినది. అది అయిపోగానే మరల వేడినీరు పోయుదురు. రెండు మూడు పర్యాయములు ఇట్లు జరుగును. ప్రతి పర్యాయమును సారము కొంత తగ్గును. చివరకు నీరు నీరుగనే వచ్చునప్పుడు, ఇక లేవవలసినదని ఎవరును చెప్పనక్కరలేదు.

దీని తయారీలో ఓర్పే ప్రధానము. రాగులను ఉడికించి, నీరోడ్చి, వెదురుచాపపై ఆరబోసి, చల్లారిన పిదప మర్చా యను పొడిని చల్లుదురు. ఒకటి రెండు దినములు కప్పియుంచి, ఆ మీదట గాలి చొరకుండ కుండలో కూరుదురు. వేసవిలో వారమునకు సిద్ధమగునది చలికాలమున మరికొంత కాలము కోరును. ఐరోపావారు బార్లీని మొలకెత్తించి గింజలోని పిండిని చక్కెరగా మార్చుకొందురు. ఇచట ఆ పనిని మర్చాలోని బూజు చేయును, చక్కెరను సారాయముగా మార్చు పని అందులోని ఈస్టుది. ఆ మర్చాను చేయుటకు నానిన బియ్యమును అల్లము, చిత్రమూలపు వేరు మొదలగు వానితో దంచి, బిళ్లలు చేసి, వానిపై పాత మర్చా పొడి చల్లి ఎండబెట్టుదురు. నిన్నటి పెరుగుతో నేటి పాలకు తోడుపెట్టు మన గృహిణులవలెనే, అచటి స్త్రీలును ఈ విద్యను తెగనీయక నిలుపుకొనుచున్నారు. 1848లో డార్జిలింగు చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ సైతము, గొట్టముతో పీల్చు ఈ పానీయమును గూర్చి తన 'హిమాలయన్ జర్నల్స్' గ్రంథమున వ్రాసెను.

బల్లపైకి మోమోలును, గుండ్రని డల్లే మిరపకాయల పచ్చడియును, పులియబెట్టి ఎండించిన ఆవాకుతో కాచిన గుంద్రుక్ చారును వచ్చినవి. ఆ పచ్చడి కారము మన గుంటూరు నాలుకను సైతము ఒక క్షణము నిలువరించునట్టిది; దానికి విరుగుడుగా తోంగ్బా పులుపు చక్కగా కుదిరినది. మోమో కొకటి, గ్రుక్క కొకటిగా మాటలు సాగుచుండగా పగలు ఎప్పుడు వాలినదో తెలియలేదు.

మన ప్రాంతమున రాగి వేసవి ధాన్యము. చోడి అంబలి త్రాగి ఎండను తట్టుకొనిన పెద్దలను మనమెరుగుదుము. అదే గింజ అచట మంచును తట్టుకొనుటకు పనికివచ్చుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన నాటినుండి మన నగరములలో రాగులకు గిరాకీ పెరిగినది గాని, కొనువారిలో పలువురు వైద్యుని మాట తలచుకొని, మందు మింగినట్లు తినుచున్నారు. పథ్యమునకై తినునది వ్యాధి తగ్గిన మరునాడే మానబడును. కొండలలోనో, పండిన రాగులలో గణనీయమైన భాగము ఈ పాత్రలకే చేరుచున్నది. అతిథి వచ్చునని, చలి వచ్చునని తెలిసిన రైతు ఆ పంటను విడువడు. రాగిని నిలబెట్టదలచిన వారు దాని పోషకములను లెక్కించుటతో తృప్తిపడక, దానితో నలుగురు కూర్చుండి సంతోషించు ఘడియ నొకదానిని గూడ కల్పించవలెను.